పోలీసువారును పౌరులును

కాకీ దుస్తులవాడు వీధి మొగదల కనబడినంతనే ఆడుకొనుచున్న పిల్లలు ఇండ్లలోనికి పరుగెత్తుటయు, అరుగులమీది పెద్దలు మాటలు చాలించుటయు మన గ్రామములలో నేటికిని చూచుచున్నాము. అన్నము తినని బిడ్డను తల్లి బెదరించు మాటలలో "అదిగో పోలీసు వచ్చుచున్నాడు" అనునది బూచి తరువాత రెండవది. ఈ భయమునకు కారణములు లేకపోలేదు. వానిని ముందు చెప్పెదము. అయితే భయపడువాడు సాధారణముగా రెండు పొరపాట్లు చేయును. చేయవలసిన ఫిర్యాదు చేయడు. చేయనక్కరలేని సంతకము చేయును. మొదటిదానివలన దొంగ బాగుపడును. రెండవదానివలన నిర్దోషి చెడును.

మన విద్యార్థులు పౌరశాస్త్రమున రాష్ట్రపతి ఎన్నిక విధానమును వల్లించి పరీక్షలో మార్కులు తెచ్చుకొనుచున్నారు. సంతోషమే. గాని వారిలో రాష్ట్రపతి నెన్నుకొనువారు మిక్కిలి కొద్దిమంది. పోలీసు స్టేషను మెట్లెక్కవలసినవారో, సైకిలు పోయినదనియో, పొలము గట్టు తగవనియో, బండి పట్టుకొనిరనియో, జీవితములో ఒకసారియైన నుందురు. కావున ఈ సంవత్సరపు సంచికలో ఈ సంగతిని గూర్చి కొంత వివరముగా వ్రాయ నుద్దేశించితిమి. తలిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక, ఏలయనగా స్టేషనుకు పోవలసి వచ్చినప్పుడు పోవువారు వారే.

ముందుగా ఒక సంగతి. 2024 జూలై 1వ తేదీనుండి మన దేశపు క్రిమినలు చట్టములు మూడును మారినవి. 1860 నాటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహితయు, 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహితయు, 1872 నాటి సాక్ష్యపు చట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమమును వచ్చినవి. సూత్రములు చాలవరకు పాతవే. సెక్షను సంఖ్యలు మాత్రము తారుమారైనవి. ఇందు వట్టిగా "సంహిత" యని మేము వ్రాసినచోట్ల నాగరిక సురక్షా సంహిత యని గ్రహింపవలెను.

ఇక భయమునకు కారణము. మన తాతముత్తాతల కాలమున, అనగా కంపెనీవారి ప్రభుత్వములో, చెన్నపట్టణపు రాజధానికి లోబడిన తెలుగు జిల్లాలలో శిస్తు వసూలు చేయువారును నేరములు విచారించువారును ఒక్కరే. తహసీలుదారును అతని క్రింది నౌకరులును ఉదయమున శిస్తు బాకీ అడిగెడివారు. సాయంకాలమున దొంగతనమును విచారించెడివారు. రెండు పనులకును ఉపాయ మొక్కటే: దేహబాధ. చేతివ్రేళ్లను రెండు కర్రల నడుమ బిగించి నొక్కు "కిట్టి" యనునది వారి పరికరములలో ముఖ్యమైనది. తలను కాళ్లకు వంచి కట్టి యెండలో నిలుపుట మరియొకటి. 1854లో ఈ సంగతి ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు రాగా, చెన్నపట్టణ ప్రభుత్వమువారు ముగ్గురు కమీషనరులను నియమించిరి. దూరపు జిల్లాలనుండి రైతులు కాలినడకను పోయి తమ బాధలు చెప్పుకొనిరి. 1855లో వెలువడిన ఆ కమీషను నివేదిక ఈ బాధలు నిజమేనని ఒప్పుకొనెను. దాని ఫలముగా శిస్తు పనినుండి పోలీసు పనిని వేరు చేయు మదరాసు జిల్లా పోలీసు చట్టము 1859లో పుట్టెను. యావద్దేశమునకు వచ్చిన పోలీసు చట్టము 1861 నాటిది. అదే 1861లో చేసిన క్రిమినలు ప్రొసీజరు కోడునందు, పోలీసు ఉద్యోగి యెదుట ముద్దాయి చేసిన నేరాంగీకారమును అతనిపై సాక్ష్యముగా తీసికొనరాదను నియమము చేరెను.

ఈ కడపటి నియమమును విద్యార్థులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. అది 1872 నాటి చట్టమున 25వ సెక్షనుగా నుండి, నేటి సాక్ష్య అధినియమమున 23వ సెక్షనుగా నిలిచియున్నది. ఎదుటివాని నోటినుండి "నేనే చేసితిని" అనిపించినంతమాత్రమున కేసు తేలదని తెలిసినచో కొట్టుటకు కారణము తగ్గునని చట్టకర్తల యూహ. యూహ పూర్తిగా ఫలించినదని మేము చెప్పజాలము. ముద్దాయి చెప్పిన మాటనుబట్టి పోయిన వస్తువు దొరకినయెడల, ఆ దొరకుటకు సంబంధించిన మాటమట్టుకు సాక్ష్యమగునను మినహాయింపు ఆ సెక్షనులోనే యున్నది. సందు చిన్నదైనను దానిగుండ బహుజనులు దూరుచుందురు.

ఈ చట్టములను వరుసగా చదివినచో మాకొక సంగతి తోచినది. పోలీసువారి యెదుట పౌరునికి గల రక్షణములలో అధికభాగము రెండు వస్తువులమీద నిలిచియున్నది. ఒకటి కాగితము. రెండవది గడియారము. ఏది వ్రాయబడెను, ఎవరు వ్రాసిరి, ఎవరు సంతకము చేసిరి, ఏ గంటకు జరిగెను, అను ప్రశ్నలకే చట్టము మాటిమాటికి పోవుచున్నది. చదువు వచ్చినవాడు ఇంట ఒక్కడున్నను ఈ రెండింటిని కనిపెట్టియుండగలడు. అందుచేతనే ఇది బడిపిల్లల పాఠమని మేమనుట.

ఫిర్యాదు మాట చూతము. దొంగతనము, దోపిడి, గాయపరచుట మున్నగు పెద్ద నేరములలో కోర్టు ఆజ్ఞ లేకయే పోలీసువారు కేసు కట్టి విచారణ సాగింపవచ్చును. ఇట్టి నేరమును గూర్చిన మొదటి సమాచారమునకే ఎఫ్.ఐ.ఆర్. అని పేరు. సంహిత 173వ సెక్షను ప్రకారము ఫిర్యాది నోటితో చెప్పినను చాలును. స్టేషను అధికారి దానిని వ్రాయించి, చదివి వినిపించి, అతనిచేత సంతకము చేయించుకొనవలెను. నకలు ఉచితముగా ఇయ్యవలెను. "రెండు తెల్లకాగితములు, ఒక కలము తెచ్చుకొనుము" అని రైటరు చెప్పుట మన స్టేషనులలో ఆచారము, చట్టము కాదు. కాగితములు తెచ్చినందున నష్టమేమియు లేదు గాని, వ్రాయరానివానిని వ్రాసితెమ్మని త్రిప్పిపంపుట తప్పు.

"మీ యూరు మా స్టేషను క్రిందికి రాదు" అనుటయు ఇప్పుడు చెల్లదు. నేరము ఎచ్చట జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు వ్రాసికొని, తగిన స్టేషనుకు వారే పంపవలెను. దీనిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అందురు. పట్టణమునకు చదువుటకై వచ్చిన బాలుని సొమ్ము రైలులో పోయినచో అతడు దిగిన ఊరిలోనే ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ విధమునను పంపవచ్చును గాని మూడు దినములలోపల పోయి సంతకము చేయవలెను.

ఫిర్యాదు తీసికొననిచో? 2013 నవంబరు 12వ తేదీన లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు, చెప్పిన సంగతులనుబట్టి పెద్ద నేరము కనబడుచున్నప్పుడు ఎఫ్.ఐ.ఆర్. వ్రాయుట అధికారి యిష్టముపై నుండదని తీర్పు చెప్పెను. మూడేండ్లు మొదలుకొని ఏడేండ్లకు లోబడిన శిక్షగల నేరములలో, డి.ఎస్.పి. అనుమతితో 14 దినములు ముందుగా విచారించుటకు సంహిత వీలు కల్పించినది. అంతకుమించిన నేరములలో ఈ వాయిదా లేదు. నిరాకరించినప్పుడు ఫిర్యాది చేయవలసినది స్టేషను ముందర కేకలు వేయుట కాదు. ఆ సంగతులనే వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు పోస్టులో పంపవలెను. స్పీడుపోస్టు చీటీని భద్రపరచవలెను. అప్పటికిని ఫలము లేనిచో మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టవలెను. పూర్వము వకీళ్లు ఇట్టి సందర్భములలో తంతి కొట్టించెడివారు. తేదీయు గంటయు దానిమీద నుండెడివి. తంతి 2013లో నిలిచిపోయినది. పోస్టు చీటీయే దానికి వారసుడు. కేసు కట్టినపిమ్మట 90 దినములలోపల విచారణ ఎంతవరకు వచ్చినదో ఫిర్యాదికి తెలుపవలెననియు సంహిత 193వ సెక్షను చెప్పుచున్నది. అడుగువారు తక్కువగుటచే తెలుపువారును తక్కువయైయున్నారు.

ఇచ్చట ఫిర్యాది ధర్మమును చెప్పక విడువరాదు. మన పల్లెలలో ఒకడు కొట్టినచో నలుగురు కొట్టిరని వ్రాయించు దురాచారము కలదు. కొట్టినవాని అన్నదమ్ములు, పొరుగూరి బావమరిది, మంచము పట్టిన ముసలితండ్రి, అందరి పేర్లును ఫిర్యాదులో చేరును. "గట్టిగా వ్రాయనిదే కేసు నిలువదు" అని చెప్పు పెద్దమనుష్యులు ఊరికొక్కరైన నుందురు. నిజమునకు అట్టి కేసే నిలువదు. ఎఫ్.ఐ.ఆర్.లో లేని మనిషిని ఉన్నట్లు చెప్పినవాడు, కోర్టులో ఉన్నవానిని గూర్చి చెప్పినను నమ్మబడడు. పైగా తెలిసి తెలిసి తప్పుడు సమాచార మిచ్చుట న్యాయ సంహిత 217వ సెక్షను క్రిందను, తప్పుడు నేరము మోపుట 248వ సెక్షను క్రిందను శిక్షకు పాత్రము. చూచినది చూచినట్లు, తెలియనిది తెలియదనియు చెప్పవలెను.

సాక్షిగా పిలువబడుట రెండవ సందర్భము. దీనికి మనవారు ఫిర్యాదుకంటె ఎక్కువ జంకుదురు. నేరము విచారించు అధికారి సంగతి తెలిసినవారిని వ్రాతమూలముగా పిలువవచ్చును. పిలిచినచో పోవుట విధి. కాని 15 ఏండ్లలోపు బాలురను, 60 ఏండ్లు దాటిన పురుషులను, ఏ వయస్సు స్త్రీలనైనను, అంగవైకల్యముగాని తీవ్రమైన వ్యాధిగాని కలవారిని స్టేషనుకు రమ్మని నిర్బంధింపరాదు. అధికారియే వారి ఇంటికి పోవలెను. వారంతట వారు వచ్చుట కిష్టపడినచో రావచ్చును. ఇది సంహిత 179వ సెక్షను. ఈ నియమము పాత కోడులోను ఉండెను. 1977లో ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిగారిని కటకములోని పోలీసు స్టేషనుకు పిలిచి, వ్రాసియుంచిన ప్రశ్నలకు జవాబులు చెప్పుమనిరి. ఆమె చెప్పనందున కేసు పెట్టిరి. 1978లో సుప్రీంకోర్టువారు, తీర్పు వ్రాసిన జస్టిస్ కృష్ణయ్యర్ మూలముగా, స్త్రీని స్టేషనుకు పిలుచుటయే చట్టవిరుద్ధమనియు, తన్ను నేరములో ఇరికించు ప్రశ్నకు జవాబు చెప్పకుండుట రాజ్యాంగము 20వ అధికరణమున నిచ్చిన హక్కు గావున అది కోర్టులోనే కాక స్టేషనులోను చెల్లుననియు చెప్పిరి. ముఖ్యమంత్రిగా నుండిన విద్యావతికే సుప్రీంకోర్టుదాక పోవలసివచ్చినదన్నచో కూలిపని చేసికొను స్త్రీ సంగతి ఏమని చెప్పవలెను!

ఆ ఒక్క విధమైన ప్రశ్న తప్ప మిగిలినవానికెల్ల సాక్షి నిజమే చెప్పవలెను. మౌనహక్కు అబద్ధమునకు హక్కు కాదు. ఇంకొక ముఖ్యమైన సంగతి: విచారణలో సాక్షి చెప్పినదానిని అధికారి వ్రాసికొనవచ్చునుగాని దానిమీద సాక్షిచేత సంతకము చేయింపరాదు. సంహిత 181వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. ఫిర్యాదుమీద సంతకము కావలెను. సాక్షి వాఙ్మూలముమీద సంతకము కూడదు. ఈ భేదము తెలియక మనవారు ఫిర్యాదు సంతకమునకు వెనుదీయుచు, ఖాళీ కాగితముమీద వ్రేలిముద్ర వేయుటకు మాత్రము వెంటనే బొటనవ్రేలు చాచుచున్నారు. ఖాళీ కాగితముమీద ఎవరు చెప్పినను, ఎంత గౌరవనీయులు చెప్పినను, సంతకము చేయరాదు.

ఇల్లు సోదా చేయవచ్చినప్పుడును ఇట్టిదే పద్ధతి. ఆ చుట్టుపట్ల నివసించు గౌరవస్థులగు ఇద్దరిని మధ్యవర్తులుగా పిలువవలెను. ఇంటివానిని దగ్గర నుండనియ్యవలెను. తీసికొన్న వస్తువుల జాబితా వ్రాసి మధ్యవర్తులచే సంతకము చేయించి నకలు ఇయ్యవలెను. ఇప్పుడు సోదా నంతయు సెల్‌ఫోనుతో చిత్రము తీసి మేజిస్ట్రేటునకు పంపవలెనని 105వ సెక్షను క్రొత్తగా విధించినది. మధ్యవర్తిగా రమ్మని వ్రాతమూలముగా పిలిచినప్పుడు తగిన కారణము లేక తప్పించుకొనుట నేరము. మన యూళ్లలో అట్టి పిలుపు వచ్చినంతనే చదువుకొన్నవారందరు పొలముమీదికి పోవుదురు. అందుచేత ప్రతి కేసులోను ఒకే ఇద్దరు మధ్యవర్తులగుట, వారిని కోర్టువారు నమ్మకపోవుట జరుగుచున్నది. తప్పు పోలీసువారిదే యనరాదు.

అరెస్టు సంగతికి వచ్చెదము. ఇందులోనే నిజమైన ప్రమాదమున్నది; కావున ఇందు కొంత నిలువవలెను.

ఏడేండ్లకు మించని శిక్షగల నేరములలో ఆరోపణ వచ్చినంతమాత్రమున అరెస్టు చేయరాదు. అరెస్టు ఎందుకు అవసరమో అధికారి వ్రాసిపెట్టవలెను. అవసరము లేనిచో ఫలాని దినమున హాజరు కమ్మని 35వ సెక్షను క్రింద నోటీసు ఇయ్యవలెను. 2014లో అర్ణేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. నోటీసు ప్రకారము హాజరగుచున్నవానిని, కారణములు వ్రాయకుండ, ఆ నేరమునకు అరెస్టు చేయరాదు. నోటీసు అందుకొన్నవాడు తప్పక హాజరు కావలెను. "చూతములే" యని ఊరు విడిచిపోయినవాడు తన రక్షణమును తానే పోగొట్టుకొనినవాడగును.

అరెస్టు చేయు అధికారి తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు పత్రము వ్రాసి, కుటుంబములోని వారిచేతగాని ఊరి గౌరవస్థునిచేతగాని సాక్షి సంతకము చేయించి, అరెస్టయినవానిచేతను సంతకము చేయింపవలెను. ఎందుకు అరెస్టు చేయుచున్నారో చెప్పవలెను. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఈ కారణములను అతనికి తెలిసిన భాషలో వ్రాతమూలముగా ఇయ్యవలెనని తీర్పు చెప్పినది. బంధువునకుగాని స్నేహితునకుగాని కబురంపవలెను. విచారణకాలమున వకీలును కలిసికొననీయవలెను. అయితే వకీలు ఆసాంతము ప్రక్కన కూర్చుండుటకు వీలులేదు. వైద్యాధికారి పరీక్షించి, దేహముమీద గాయములున్నచో అవి ఏ వేళకు కలిగినవో వ్రాయవలెను. నకలు అరెస్టయినవానికి ఇయ్యవలెను. డాక్టరు అడిగినప్పుడు పోలీసువారు ప్రక్కనున్నారని సిగ్గుపడియో భయపడియో "ఏమియు లేదు" అని చెప్పినవాడు మరునాడు మేజిస్ట్రేటుతో చెప్పిన మాటకు బలముండదు.

ఈ నియమములు ఎట్లు వచ్చినవో కొంచెము తెలియవలెను. 1986 ఆగస్టు 26వ తేదీన, పశ్చిమ బెంగాలులో న్యాయసహాయసంఘమునకు అధ్యక్షులుగా నున్న డి.కె. బసుగారు, లాకప్పులలో జరుగుచున్న మరణములను గూర్చి పత్రికలలో వచ్చిన వార్తలను చేర్చి సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తికి ఒక జాబు వ్రాసిరి. ఆ జాబునే కోర్టువారు పిటీషనుగా స్వీకరించిరి. పదేండ్లు గడచినవి. 1996 డిసెంబరు 18వ తేదీన తీర్పు వచ్చెను. అందు అరెస్టు విషయమున పదునొకండు నిబంధనలు విధింపబడినవి. పేరుపట్టీ, అరెస్టు పత్రము, బంధువునకు కబురు, వైద్యపరీక్ష, ఇవన్నియు అందులోనివే. తరువాత అవి చట్టములోనికి ఎక్కినవి. ఒక్క జాబు! వ్యాసరచన యందు నిర్లక్ష్యముగల మా పై తరగతుల బాలురు దీనిని గమనింతురుగాక.

ఇక గడియారము. అరెస్టు చేసిన 24 గంటలలోపల, ప్రయాణకాలము గాక, మేజిస్ట్రేటు ముందర హాజరుపెట్టవలెను. ఇది సంహితలోనే కాదు, రాజ్యాంగము 22వ అధికరణములోను ఉన్నది. అయితే దీనిని దాటవేయుటకు ఒక పద్ధతి పూర్వమునుండి కలదు. మనిషిని తీసికొనిపోయి రెండు మూడు దినములు స్టేషనులోనో మరియొకచోటనో కూర్చుండబెట్టి, "అరెస్టు కాదు, ఊరకే విచారణకు తెచ్చితిమి" అందురు. తరువాత అరెస్టు పత్రములో ఆ మరునాటి ఉదయపు గంట వేయుదురు. చట్టమునకు ఇట్టి మధ్యస్థితి తెలియదు. లేచిపోవుటకు స్వేచ్ఛ లేనివాడు నిర్బంధములో నున్నవాడే. కావున ఇంటివారు చేయవలసినది, మనిషిని తీసికొనిపోయిన గంట, వచ్చిన బండి సంఖ్య, పేరుపట్టీమీది పేర్లు, చూచినవారి పేర్లు అప్పటికప్పుడు వ్రాసియుంచుట. సూపరింటెండెంటుకు వెంటనే వ్రాతమూలముగా తెలుపుట. మనిషి కనబడనిచో హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటీషను వేయించుట. స్టేషనులన్నింట కెమెరాలు పెట్టవలెనని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆజ్ఞాపించియున్నది; తేదీయు వేళయు తెలిసినచో ఆ చిత్రమును చూపుమని కోర్టును కోరవచ్చును. మేజిస్ట్రేటు ముందర నిలిచినప్పుడు చెప్పవలసిన మాట అక్కడనే చెప్పవలెను.

"వకీలుకు డబ్బెక్కడిది?" అని అడుగుదురు. నిర్బంధములో నున్నవారికిని, స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, అంగవైకల్యము గలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక ప్రభుత్వము వకీలు నిచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ప్రతి జిల్లాకోర్టునందును ఇందుకొక కార్యాలయము కలదు. 15100 సంఖ్యకు ఫోను చేసినను చాలును.

స్త్రీలను అరెస్టు చేయునప్పుడు పురుష ఉద్యోగి తాకరాదు. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు అరెస్టు చేయనే కూడదు. అసాధారణ కారణమున్నచో స్త్రీ అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను.

ఇన్ని రక్షణములు చెప్పితిమి గదా యని అరెస్టు చేయువారితో పెనుగులాడవచ్చునని ఎవరును తలపరాదు. అరెస్టు అన్యాయమైనను వాదింపవలసినచోటు కోర్టు. కారణ మడుగవచ్చును, పేరడుగవచ్చును, పత్రము చదువుదుననవచ్చును. చేయి విదలించినచో ఆ క్షణమునుండి రెండవ కేసు మొదలగును. మొదటి కేసు అబద్ధమైనను రెండవది నిజమగును. ఉద్యోగిని విధినిర్వహణమునుండి తొలగించుటకై కొట్టుట న్యాయ సంహిత 132వ సెక్షను క్రింద నేరము. పండుగ బందోబస్తులో రాత్రియంతయు నిలిచి మరునాడు ఎన్నికల పనికి పోవు కానిస్టేబులును మనవంటి గృహస్థుడే యనుట మరవరాదు.

మా విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసినది కొంత కలదు. 18 ఏండ్లు నిండనివారికి 2015 నాటి బాలన్యాయ చట్టము వర్తించును. తప్పు చేసినట్లు ఆరోపింపబడిన బాలుని ఏ కారణముచేతను లాకప్పులోగాని జైలులోగాని పెట్టరాదు. పిల్లల సంక్షేమమునకు నియమితుడైన పోలీసు అధికారికి అప్పగించి, 24 గంటలలోపల బాలన్యాయ మండలి యెదుట నుంచవలెను. తలిదండ్రులకు తెలుపవలెను. బాలుని పేరు పత్రికలలో వేయరాదు. బాలుడే నేరమునకు గురియైనచో, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, అధికారి యూనిఫారము లేకుండ పిల్లవాని ఇంటికిగాని అతడు కోరినచోటికిగాని పోయి చెప్పినది వ్రాసికొనవలెను. ఏ బాలుని గాని బాలికను గాని రాత్రివేళ స్టేషనులో నుంచరాదు. అట్టి నేరము జరిగినట్లు తెలిసినవారు, ఉపాధ్యాయులైనను, బంధువులైనను, పోలీసువారికి తెలుపుట విధి. "బడికి చెడ్డపేరు వచ్చును", "ఇంటి గుట్టు బయటపడును" అను మాటలు చట్టమున చెల్లవు. పిల్లలు 1098 సంఖ్యకు తామే ఫోను చేయవచ్చును.

బండ్లను గూర్చి తలిదండ్రులతో ఒకమాట. తొమ్మిదవ తరగతి బాలుడు తండ్రి మోటారుసైకిలుపై బడికి వచ్చుట కొన్ని ఇండ్లలో గర్వకారణముగా నున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 199-ఏ సెక్షను ప్రకారము, బాలుడు బండి నడిపి తప్పు చేసినచో, తమకు తెలియదనిగాని, ఆపజూచితిమనిగాని ఋజువు చేసికొననంతవరకు, తండ్రిగాని బండి యజమానిగాని నేరస్థుడు. మూడేండ్లవరకు కారాగారమును, 25,000 రూపాయల జుల్మానాయు పడవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు రాదు. పెద్దవారైనను, యూనిఫారములో నున్న పోలీసు అధికారి అడిగినప్పుడు లైసెన్సు చూపవలెను. సెల్‌ఫోనులోని డిజిలాకరు ప్రతి చాలును. లైసెన్సు తీసికొన్నచో దానికి రసీదు అడిగి పుచ్చుకొనవలెను.

దారిలో ప్రమాదము చూచినవారు "పోలీసు గొడవ మనకెందుకు" అని తొలగిపోవుట మిక్కిలి శోచనీయము. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిని తన పేరు చెప్పుమనిగాని, సాక్షిగా రమ్మనిగాని నిర్బంధింపరాదని 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన నిబంధనలును, 2019లో చేర్చిన 134-ఏ సెక్షనును చెప్పుచున్నవి. ప్రమాదము చేసిన బండివాడు మాత్రము గాయపడినవానికి వైద్యము చేయించి 24 గంటలలోపల స్టేషనులో తెలుపవలెను.

దొంగ దొరకినప్పుడు మనవారి ధైర్యమునకు మేరలేదు. స్తంభమునకు కట్టి వచ్చినవాడెల్ల ఒక దెబ్బ వేయును. ఎదుట దోపిడివంటి పెద్దనేరము చేసినవానిని సామాన్యుడు పట్టుకొనవచ్చునని సంహిత 40వ సెక్షను ఒప్పుకొన్నది. ఆరుగంటలలోపల పోలీసువారికి అప్పగింపవలెననియు అదే సెక్షను చెప్పినది. నడుమ కొట్టుటకు అధికారము పోలీసువారికే లేనప్పుడు ఊరివారి కెక్కడిది? కొట్టినవారు ముద్దాయిలగుదురు, దొంగ ఫిర్యాది యగును.

కడపట ఒక క్రొత్త మోసము. ఈ నడుమ కొందరు పోలీసు దుస్తులు ధరించి సెల్‌ఫోను చిత్రములో కనబడి, "మీ పేర మత్తుమందుల పార్సెలు దొరకినది; మీరు డిజిటల్ అరెస్టులో నున్నారు; ఫోను కట్టివేయరాదు; ఎవరితోను చెప్పరాదు; ఈ ఖాతాకు సొమ్ము పంపుడు" అని బెదరించుచున్నారు. పింఛను పుచ్చుకొను చదువుకొన్న వృద్ధులు సైతము జీవితకాలపు నిలువను పోగొట్టుకొనుచున్నారు. పైని చెప్పినదంతయు చదివినవారికి ఇందలి మోసము తేటపడవలెను. అరెస్టనగా మనిషి ఎదుట మనిషి నిలిచి, పేరు కనబరచి, పత్రము వ్రాసి, సాక్షి సంతకము చేయించి, బంధువునకు కబురంపి, 24 గంటలలో మేజిస్ట్రేటువద్దకు తీసికొనిపోవుట. ఫోనులో అరెస్టు లేదు. 35వ సెక్షను నోటీసును సైతము వాట్సాపుద్వారా ఇచ్చుట చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. "ఎవరితోను చెప్పవద్దు" అనువాడు పోలీసు కాడు. నిజమైన పోలీసు బంధువునకు తెలుపవలసినవాడు. ఫోను కట్టివేసి, ఇంటిలో మనుమడినో మనుమరాలినో పిలిచి, 1930 సంఖ్యకు చెప్పింపవలెను. సొమ్ము అప్పటికే పంపినయెడల ఆలస్యము చేయరాదు. అది ఖాతానుండి ఖాతాకు మారకముందే బ్యాంకులో నిలుపుటకు ఆ మొదటి గంటయే ముఖ్యము.